మిక్సా, మింగిలా, ఇంటర్‌మింగిలా? ‘కలవడం’ గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏ మాట ఎంచుకోవాలి

ఐఈఎల్‌టీఎస్‌కి, అంటే విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్షకి, సిద్ధమయ్యే పిల్లల వ్యాసాల్లో ‘ఇంటర్‌మింగిల్’ అన్న క్రియ తెగ కనిపిస్తుంది. బెజవాడ బెంజిసర్కిల్ దగ్గర కోచింగైనా, గుంటూరు బ్రాడీపేటలో కోచింగైనా ఇదే వరస. ‘మిక్స్’ అంటే చిన్నపిల్లల మాటలా ఉందనీ, దాని బదులు ఇది రాస్తే బరువుగా ఉంటుందనీ ఎవరో ఒకరు చెబుతారు. ఇక అక్కణ్ణుంచి సంస్కృతులు, నీళ్లు, బ్యాంకులు, మసాలాలు, ఆఫీసులో కొలీగ్స్ అందరూ ఇంటర్‌మింగిల్ అయిపోతారు.

ఆ పరీక్షలో రైటింగ్‌కి మార్కులు వేసే ప్రమాణాలు నాలుగు. వాటిలో పదసంపద ఒకటి, అంటే పావు వంతు మార్కులు దానివే. కానీ అవి పెద్ద మాటకు పడే మార్కులు కావు, తగిన చోట తగిన మాటకు పడేవి. నా మట్టుకు నేను చెప్పేదేమిటంటే, చాలా చోట్ల మిక్స్ గానీ మింగిల్ గానీ హాయిగా సరిపోతుంది. ఇంటర్‌మింగిల్ ఒక్కటే నప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. అవేమిటో తెలిస్తే మిగతా చోట్ల దాని జోలికి వెళ్లక్కర్లేదు.

## ముందు ఏం చూసుకోవాలి

మొదటి ప్రశ్న: కలిసిన తర్వాత వేటికవి విడిగా తెలుస్తున్నాయా?

దీన్ని కొలవడానికి మన అలంకారశాస్త్రంలోనే మంచి కొలబద్ద ఉంది. తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకే పద్యంలో రెండు అలంకారాలు కలిసి, ఏది ఏదో విడిగా తెలుస్తుంటే అది సంసృష్టి. విడదీయలేనంతగా కలిసిపోతే సంకరం. మొదటిదానికి తిలతండుల న్యాయం అని పేరు, అంటే నువ్వులూ బియ్యమూ కలిసిన పద్ధతి. రెండోది క్షీరనీర న్యాయం, పాలూ నీళ్లూ కలిసిన పద్ధతి. ఓపికుంటే చేటలో పోసుకుని నువ్వుల్ని ఏరుకోవచ్చు. పాలలో నీళ్లను ఏరడం మాత్రం హంసకే చెల్లింది. లాక్టోమీటర్ పెట్టి చూసేవాడు కూడా నీళ్లు కలిశాయని చెప్పగలడే గానీ తీసి చేతిలో పెట్టలేడు.

ఇంగ్లీషు క్రియల్ని ఈ రెండు గట్ల మీద పెట్టి చూస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. మింగిల్, ఇంటర్‌మింగిల్ నువ్వుల గట్టున ఉంటాయి. బ్లెండ్, మెర్జ్, ఫ్యూజ్ పాల గట్టున ఉంటాయి. మిక్స్ ఎటైనా వెళ్తుంది. అందుకే అది రాస్తే తప్పు పడే అవకాశం తక్కువ.

రెండో ప్రశ్న: కలయిక రెండు వైపుల నుంచీ జరిగిందా, ఒకటి వెళ్లి రెండోదాంట్లో పడిందా? ‘ఇంటర్’ అన్న ముందుమాట లాటిన్‌ది, ‘మధ్య’ అని దాని అర్థం. ఇవి వాటి మధ్యకీ, అవి వీటి మధ్యకీ పోవాలి. ఒక పెద్దదాంట్లో ఒక చిన్నది కలిస్తే ఇంటర్‌మింగిల్ అనరు.

మూడోది: కలిపిన మనిషి ఉన్నాడా, దానంతటదే కలిసిందా? మనకు ‘కలపడం’ వేరు, ‘కలవడం’ వేరు. ఇంగ్లీషులో పై క్రియలన్నీ రెండు పనులూ చేస్తాయి. కథకుడు నిజాన్నీ కల్పననూ ఇంటర్‌మింగిల్ చేయగలడు, నిజమూ కల్పనా వాటంతటవే ఇంటర్‌మింగిల్ అవగలవు. వ్యాకరణం రెంటికీ ఒప్పుకుంటుంది. వాడుకలో మాత్రం ఈ క్రియ ‘కలవడం’ వైపే ఎక్కువ మొగ్గుతుంది. చేత్తో, గరిటెతో, మిషన్‌తో కలిపేదానికి ఇది నప్పదు.

నాలుగోది, రాసేది ఎక్కడ అన్నది. వాట్సాప్ మెసేజీకీ, రెజ్యూమెకీ, కోర్టు కాగితానికీ, కథకీ ఒకే మాట కుదరదు. దీని గురించి విడిగా చెప్పను, కింద ఒక్కో మాట దగ్గర అదే వస్తుంది.

| క్రియ | దగ్గరి తెలుగు | కలిశాక విడిగా తెలుస్తాయా? | దేనికి నప్పుతుంది | వెంట వచ్చే చిన్నమాట |
|---|---|---|---|---|
| మిక్స్ | కలపడం, కలవడం | తెలియొచ్చు, తెలియకపోవచ్చు | దాదాపు దేనికైనా | విత్, ఇన్, ఇంటు |
| మింగిల్ | నలుగురిలో కలవడం | తెలుస్తాయి | మనుషులు, వాసనలు, భావాలు | విత్ |
| ఇంటర్‌మింగిల్ | కలగలవడం | చాలావరకు తెలుస్తాయి | రెండు గుంపులు, ధ్వనులు, భాషలు, నిజం–కల్పన | విత్, అండ్ |
| ఇంటర్‌మిక్స్ | కలగలపడం | తెలుస్తాయి | పొరలు, పదార్థాలు, సాంకేతిక నివేదికలు | విత్ |
| కమింగిల్ | కలిపేయడం | లెక్క తేలదు | ఎక్కువగా డబ్బు, ఆస్తి | విత్ |
| బ్లెండ్ | మేళవించడం | తెలియవు | రుచి, రంగు, గొంతు | విత్, ఇన్, ఇంటు |
| మెర్జ్ | విలీనం కావడం | ఒకటైనా మాయమవుతుంది | సంస్థలు, దారులు, ఫైళ్లు | విత్, ఇంటు |
| ఫ్యూజ్ | కరిగి ఒకటవడం | తెలియవు, విడదీయలేం | లోహాలు, ఎముకలు, సంగీత బాణీలు | విత్, ఇంటు |

పట్టికలో గీతలు తిన్నగా ఉన్నాయని భాషలోనూ అలాగే ఉంటాయనుకోకండి. నిఘంటువుల్లో ఇంటర్‌మింగిల్‌కు ఇచ్చే అర్థం చాలావరకు ‘ఒకదానితో ఒకటి కలవడం’ అనే ఉంటుంది. విడిగా తెలియడం అన్నది వాడుకలో ఆ మాటకున్న మొగ్గు. మింగిల్ దగ్గర మాత్రం మెరియమ్–వెబ్‌స్టర్ నిఘంటువు ఆ సంగతి అర్థంలోనే చేర్చింది: కలిసినా అసలు గుర్తింపు సాధారణంగా పోదని.

## మిక్స్

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సందేహం వస్తే ఇదే రాయండి. ‘మిక్స్ ద ఫ్లౌర్ విత్ వాటర్’ అంటే పిండిలో నీళ్లు కలపమని, అక్కడ ఇంకే మాటా పనికిరాదు. మనుషులకూ పనికొస్తుంది. ‘షి మిక్సెస్ వెల్ విత్ అదర్స్’ అంటే అందరితో బాగా కలిసిపోతుందని, ముఖ్యంగా బ్రిటిష్ వాడుకలో.

ఒక్క జాగ్రత్త. ‘మిక్స్ అప్’ అంటే కలపడమే కాదు, ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం కూడా. ‘ఐ మిక్స్‌డ్ అప్ ద టూ ఫైల్స్’ అంటే ఫైళ్లు కలిపానని కాదు, తారుమారు చేశానని. ఆఫీసు మెయిల్లో ఇది రాస్తే మేనేజర్‌కి టెన్షన్ పుడుతుంది.

## మింగిల్: తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఇంకొకటి

ఈ మాట తెలుగులోకి వచ్చి చాలాకాలమైంది. ‘మా అబ్బాయి ఎవరితోనూ మింగిల్ అవడండీ’, ‘కొత్త కోడలు అందరితో బాగా మింగిల్ అయిపోయింది’ అని రోజూ వింటాం. ఇక్కడ మింగిల్ అంటే కలుపుగోలుగా ఉండటం. అది ఒక స్వభావం.

ఇంగ్లీషులో మనుషుల విషయంలో మింగిల్ అంటే స్వభావం కాదు, ఆ పూట చేసే పని. ఫంక్షన్ హాల్లో ఒక కుర్చీకి అతుక్కుపోకుండా, ఆ గుంపు దగ్గర రెండు నిమిషాలు, ఈ గుంపు దగ్గర రెండు నిమిషాలు నిలబడి పలకరిస్తూ తిరగడం. రిసెప్షన్‌లో పెళ్లికూతురి తండ్రి చేసేది అచ్చంగా అదే. ‘ద బ్రైడ్స్ ఫాదర్ మింగిల్డ్ విత్ ద గెస్ట్స్’ అంటే చాలు.

ఇంటర్వ్యూలో ‘వాట్ ఆర్ యువర్ స్ట్రెంత్స్’ అని అడిగితే మన పిల్లలు ‘ఐ కెన్ ఈజిలీ మింగిల్ విత్ ఎనీవన్’ అంటారు. వ్యాకరణం తప్పు లేదు. కానీ బయటి దేశం నుంచి వీడియోకాల్లో కూర్చున్న వ్యక్తికి అది ‘నేను పార్టీల్లో బాగా తిరుగుతాను’ అన్నట్టు వినిపించవచ్చు. ఇక ‘ఈజిలీ ఇంటర్‌మింగిల్’ అంటే మరీ వింతగా ఉంటుంది, ఎందుకంటే ఒక్క మనిషి తన గురించి చెప్పుకునేందుకు ఆ క్రియను వాడరు. మీరు చెప్పదలుచుకున్నది కలుపుగోలుతనం అయితే ‘ఐ గెట్ ఎలాంగ్ వెల్ విత్ పీపుల్’ అనండి. టీమ్‌లో పనిచేయడం గురించైతే ‘ఐ వర్క్ వెల్ విత్ అదర్స్’ అనండి. రెండూ చిన్న మాటలే, రెండూ సూటిగా తగులుతాయి.

మాట్లాడుకోవడం, పరస్పరం వ్యవహరించడం మీ ఉద్దేశమైతే కావలసిన క్రియ ‘ఇంటరాక్ట్’. ‘స్టూడెంట్స్ షుడ్ ఇంటర్‌మింగిల్ విత్ టీచర్స్’ అన్న వాక్యంలో విద్యార్థులూ టీచర్లూ ఒకే బెంచీల మీద కలగలిసి కూర్చోవాలన్న అర్థం వస్తుంది. రాసినవాళ్ల ఉద్దేశం అది కాదు కదా.

## ఇంటర్‌మింగిల్ ఎక్కడ కూర్చుంటుంది

ఈ క్రియ 15వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో ఉంది. పలికేటప్పుడు ఊనిక ‘మింగ్’ మీద పడాలి, ‘ఇంటర్’ మీద కాదు. నామవాచకం కావాలంటే ‘ఇంటర్‌మింగ్లింగ్’ అంటే సరిపోతుంది.

దీనికి తగిన దృశ్యం మన దగ్గరే ఉంది. దసరా రోజుల్లో, భవానీ దీక్షలు విరమించే రోజుల్లో బెజవాడ స్టేషన్లో నిలబడండి. ఎర్రబట్టల్లో, నెత్తిన ఇరుముడితో భవానీలు దిగుతుంటారు. అదే ప్లాట్‌ఫామ్ మీద లంచ్ బాక్స్ సంచీ పట్టుకుని గుంటూరు ప్యాసింజర్ కోసం పరిగెత్తేవాళ్లుంటారు. రెండు గుంపులూ ఒకదాంట్లోకి ఒకటి పోతాయి, అయినా ఎరుపు ఎరుపుగానే కనిపిస్తుంది. ‘రెడ్ క్లాడ్ డివోటీస్ ఇంటర్‌మింగిల్డ్ విత్ ద ఆఫీస్ గోయర్స్ ఆన్ ద ప్లాట్‌ఫామ్.’ ఈ వాక్యంలో మిక్స్ పెడితే సాదాగా ఉంటుంది. మింగిల్ పెడితే వాళ్లూ వీళ్లూ పలకరించుకున్నారేమో అనిపిస్తుంది. బ్లెండ్ పెడితే ఎరుపు కనబడకుండా పోవాలి. ఇంటర్‌మింగిల్ ఒక్కటే ఉన్నదున్నట్టు చెబుతుంది.

ఇలాంటివే ఇంకొన్ని. వన్‌టౌన్ సందుల్లో తెలుగూ ఉర్దూ వినిపించే తీరుకు ‘తెలుగు అండ్ ఉర్దూ ఇంటర్‌మింగిల్ ఇన్ దీజ్ లేన్స్’ అనొచ్చు. గుడి మెట్ల దగ్గర మల్లెల వాసనా కర్పూరం పొగా కలిసి వస్తుంటే, ముక్కుకు రెండూ విడిగా తెలుస్తున్నంతసేపూ ఇదే మాట. స్థలపురాణాల గురించి రాసేవాళ్లకు ‘హిస్టరీ అండ్ లెజెండ్ ఆర్ ఇంటర్‌మింగిల్డ్’ అన్న వాక్యం లేకపోతే బండి నడవదు. అక్కడ ఏది చరిత్రో ఏది కథో పాఠకుడు ఏరుకోవాలన్న సూచన కూడా ఆ మాటలోనే ఉంది.

నీళ్ల సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో కృష్ణలో కలుస్తున్నాయి. వరద రోజుల్లో గోదావరి నీరు ఎర్రగా ఉంటుంది. రెండు రంగులు పక్కపక్కన కనిపించే చోట నిలబడి రాస్తుంటే ‘ద టూ వాటర్స్ ఇంటర్‌మింగిల్’ అనడం బాగుంటుంది. కాస్త దిగువన ప్రకాశం బ్యారేజీ దగ్గరికి వచ్చేసరికి అదంతా ఒకే నీరు, అక్కడ ఆ క్రియకు పనిలేదు. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలవడానికైతే ఇంటర్‌మింగిల్ ససేమిరా కుదరదు. నది సముద్రంలోకి పోతుందే గానీ సముద్రం నదితో సగంసగం పంచుకోదు. ‘ఫ్లోస్ ఇంటు’, ‘ఎంప్టీస్ ఇంటు’ అన్నవి అక్కడి మాటలు. అయితే నదీముఖంలో ఉప్పునీరూ మంచినీరూ కలగలిసే ప్రాంతం గురించి, రొయ్యల చెరువుల గురించి రాస్తుంటే మళ్లీ ఇంటర్‌మింగిల్ పనికొస్తుంది. అక్కడ పోటుకు ఉప్పునీరు లోపలికి వస్తుంది, పాటుకు మంచినీరు బయటికి పోతుంది, అంటే రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి.

వాక్యం కట్టేటప్పుడు తరచూ దొర్లే పొరపాట్లు చెబుతాను.

‘మ్యూచువల్లీ ఇంటర్‌మింగిల్’ అని రాస్తారు. ‘ఇంటర్’లోనే పరస్పరం ఉంది, మళ్లీ మ్యూచువల్లీ ఎందుకు? ‘ఇంటర్‌మింగిల్ టుగెదర్’ కూడా అంతే, చెప్పిందే మళ్లీ చెప్పడం. ‘విత్ ఈచ్ అదర్’ చేర్చడం తప్పని అనను, చాలామంది మంచి రచయితలే చేరుస్తారు, కాకపోతే తీసేసినా లోటుండదు.

కర్త ఒక్కటే అయితే ‘విత్’ తప్పనిసరి. ‘ద స్మెల్ ఇంటర్‌మింగిల్డ్’ అని ఆపేస్తే దేనితో అన్న ప్రశ్న గాల్లో వేలాడుతుంది. కర్తలు రెండుంటే ‘అండ్’ చాలు.

‘ఇంటర్‌మింగిల్ ఇంటు’ అనకూడదు. ‘ఇంటు’ అంటే ఒకదాంట్లోకి పోయి ఆగడం, దానికి బ్లెండ్, మెర్జ్, ఫ్యూజ్ ఉన్నాయి.

## ఒకే మిరపకాయ, నాలుగు క్రియలు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి, చెయ్యి లోపలిదాకా పెట్టి గుప్పెడు కాయలు బయటికి లాగుతారు. పైన ఉన్నవి చూసి ధర చెప్పే పిచ్చివాడు అక్కడ ఉండడు. అరచేతిలో ఎర్రకాయల మధ్య తెల్లబారిన తాలుకాయలు రెండుమూడు కనబడ్డాయంటే ధర దిగుతుంది.

ఈ సంగతి ఇంగ్లీషులో రాయాలి. ‘పేల్ పాడ్స్ వర్ మిక్స్‌డ్ ఇన్ విత్ ద రెడ్ వన్స్’ అనొచ్చు. ‘రెడ్ అండ్ పేల్ పాడ్స్ లే ఇంటర్‌మింగిల్డ్ ఇన్ ద సాక్’ అనీ అనొచ్చు. రెండూ ఒప్పే. కానీ మొదటి వాక్యంలో ఎవరో కలిపారేమో అన్న అనుమానం తొంగిచూస్తుంది. అది విన్న కమీషన్ ఏజెంటు రైతు మొహం వంక చూస్తాడు. రెండో వాక్యంలో ఆ నింద లేదు, కాయలు అలా ఉన్నాయి, అంతే. నాణ్యత మీద తగాదా నడుస్తున్నప్పుడు రిపోర్టు రాసేవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం.

తాలు ఏరేసి గ్రేడింగ్ చేయగలిగారంటే అక్కడిదాకా మనం నువ్వుల గట్టునే ఉన్నాం. కాయలు మిల్లుకు వెళ్లాక కథ మారుతుంది. తేజ రకం మిర్చిలో ఘాటు ఎక్కువ, బ్యాడిగి రకంలో రంగు ఎక్కువ. రెంటినీ ఒక పాళ్లలో కలిపి ఆడిస్తే వచ్చే కారం ‘ఎ బ్లెండ్ ఆఫ్ తేజ అండ్ బ్యాడిగి’. ఇప్పుడు ఏ రేణువు ఏ కాయదో ఎవరూ చెప్పలేరు. పైగా బ్లెండ్‌లో ఒక నేర్పు వినిపిస్తుంది: పాళ్లు తెలిసి, ఫలితం ఎలా ఉండాలో అనుకుని కలపడం. టీ పొడికీ, కాఫీ పొడికీ, నూనెలకీ అదే మాట వాడేది అందుకే. లేబుల్ మీద ‘మిక్స్‌డ్ చిల్లీ పౌడర్’ అని వేస్తే మిగిలిపోయినవన్నీ కలిపారేమో అనిపిస్తుంది. ‘బ్లెండెడ్’ అంటే ధర కూడా కాస్త పెంచుకోవచ్చు.

అదే కారంలో రంగుపొడో రంపపుపొట్టో కలిస్తే దానికి క్రియ వేరే ఉంది, ‘అడల్టరేట్’. మన కల్తీ.

బ్లెండ్‌కు ఇంకో వాడుక ఉంది. ‘బ్లెండ్ ఇన్’ అంటే చుట్టూ ఉన్నదాంట్లో ప్రత్యేకంగా కనబడకుండా కలిసిపోవడం. అమెరికా వెళ్లినవాళ్లు అక్కడి తీరుకు ఇమిడిపోతే అది. అదే మనిషి నలుగురిలో తిరుగుతూ తన యాసతో, తన గోంగూరతో తానుగానే ఉంటే అది బ్లెండ్ ఇన్ కాదు.

## మెర్జ్

మెర్జ్ లాటిన్‌లో ‘ముంచడం’ అనే క్రియ నుంచి వచ్చింది. గుర్తు పెట్టుకోవడానికి ఒక మాట చెబుతాను: మింగేస్తే మెర్జ్, మింగకుండా వదిలేస్తేనే మింగిల్.

మన ప్రాంతంవాళ్లకు మంచి ఉదాహరణ ఆంధ్రా బ్యాంకు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. బోర్డు మారింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఏఎన్‌డీబీ పోయి యూబీఐఎన్ వచ్చింది. ‘మెర్జ్‌డ్ ఇంటు’ అంటే అదీ. ప్రభుత్వ పత్రాల్లో దీన్నే ‘అమాల్గమేషన్’ అన్నారు. ఆ మూడు బ్యాంకులూ ఇంటర్‌మింగిల్ అయ్యాయని రాస్తే, బోర్డులు మూడూ అలాగే ఉండి గుమాస్తాలు మాత్రం అటూ ఇటూ కూర్చున్నట్టుంటుంది.

ఆఫీసులో ఎక్సెల్ వాడేవాళ్లకు మెర్జ్ స్వభావం ఇంకా బాగా తెలుసు. నాలుగు గడులు ఎంచుకుని ‘మెర్జ్ అండ్ సెంటర్’ నొక్కితే ఎడమ పైగడిలో ఉన్నది మాత్రం మిగులుతుంది, తక్కినవి పోతాయి. అలా పోతాయని ముందే హెచ్చరిక వస్తుంది, మనం చదవకుండా ఓకే కొడతాం, అది వేరే సంగతి. ‘కాల్ మెర్జ్ చెయ్యి’ అన్నప్పుడు మాత్రం ఎవరూ మాయమవరు, ఫోన్‌లో మళ్లీ విడదీసుకునే వీలు కూడా ఉంటుంది. నియమం అన్నాక ఆ మాత్రం అపవాదాలు తప్పవు.

హైవే మీద సర్వీసు రోడ్డు వచ్చి పెద్దరోడ్డులో కలిస్తే మెర్జ్. రెండు జాతీయ రహదారులు బెంజిసర్కిల్ దగ్గర ఒకదాన్నొకటి దాటిపోవడం మెర్జ్ కాదు, ‘క్రాస్’. ఆ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి బస్సులూ ఆటోలూ బైకులూ ఉండే స్థితికి ఇంటర్‌మింగిల్ సరిగ్గా అతుకుతుంది.

## డబ్బు దగ్గర: కమింగిల్

సీఏ చదివేవాళ్లకూ, లా చదివేవాళ్లకూ ఇది వేరే తెలియాలి. వేరువేరుగా ఉంచాల్సిన డబ్బును ఒకే ఖాతాలో వేసి కలిపేయడాన్ని ‘కమింగ్లింగ్ ఆఫ్ ఫండ్స్’ అంటారు. ఖాతాదారుడి సొమ్మూ బ్రోకరు సొమ్మూ కలవకూడదని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం (2016) ప్రకారం ఫ్లాట్లు కొనేవాళ్ల నుంచి వసూలు చేసినదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టుకే వేరే ఖాతాలో ఉంచాలి. అమరావతి చుట్టూ, మంగళగిరి దారిలో ఫ్లాట్లు చూసేవాళ్లకు ఈ సంగతి తెలిస్తే నాలుగు డబ్బులు నిలబడతాయి. ఒక ప్రాజెక్టు డబ్బుతో ఇంకో ప్రాజెక్టు పునాదులు తీస్తుంటే అది కమింగ్లింగ్. నోటీసులో, ఫిర్యాదులో ఇదే మాట రాయాలి. ఇంటర్‌మింగిల్ అంటే అర్థమవుతుంది గానీ, లాయరు కొట్టేసి ఇది రాస్తాడు.

ఇదే మాటకు ఒక చేదు చరిత్ర కూడా ఉంది. 1896లో ప్లెసీ వర్సెస్ ఫెర్గూసన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు రైళ్లలో నల్లవారికీ తెల్లవారికీ వేరే పెట్టెలు ఉండటాన్ని సమర్థించింది. ఆ తీర్పులో రెండు జాతులు కలవడం గురించి, కలవనక్కర్లేదన్న ధోరణిలో, ‘కమింగ్లింగ్’ అనే వాడారు. కాబట్టి వ్యాసాల్లో కులాలు, మతాలు కలిసిమెలిసి ఉండటం గురించి రాసేటప్పుడు కమింగిల్, ఇంటర్‌మింగిల్ రెండూ కాస్త ఆలోచించి వాడాలి. మనుషుల్ని సరుకుల్లా కలిపినట్టు వినిపించే ప్రమాదం ఉంది. ‘లివ్ సైడ్ బై సైడ్’, ‘షేర్ ద సేమ్ స్ట్రీట్స్’ లాంటి మాటల్లో ఆ ఇబ్బంది లేదు.

## మిగిలినవి

ఇంటర్‌మిక్స్ ఇంటర్‌మింగిల్‌కు తోబుట్టువే. మట్టి పొరల నివేదికల్లో, ల్యాబు రికార్డుల్లో కనిపిస్తుంది. కథల్లో పొడిగా ఉంటుంది. ఫ్యూజ్‌కు మూలం లాటిన్‌లో ‘కరిగించి పోయడం’. విరిగిన ఎముక అతుక్కుంటే, కర్ణాటక సంగీతమూ జాజ్ కలిసి కొత్త బాణీ పుడితే ఈ మాట. వేళ్లు, తీగలు, జీవితాలు పెనవేసుకుంటే మాత్రం ‘ఇంటర్‌ట్వైన్’. అది కలవడం కాదు, చుట్టుకోవడం. చాలామంది ఇంటర్‌మింగిల్ రాసే చోట వాళ్ల మనసులో ఉన్నది నిజానికి ఇదే.

## మీరు ఎవరైతే ఏది

పరీక్ష రాసేవాళ్లు మిక్స్‌ను చూసి సిగ్గుపడొద్దు. వ్యాసం మొత్తంలో ఇంటర్‌మింగిల్ ఒక్కసారి, అదీ రెండు గుంపులో రెండు ఆచారాలో విడిగా కనిపిస్తూ కలిసిన చోట వాడితే పరీక్షకుడికి అది తెలిసి వాడినట్టు తెలుస్తుంది. మూడుసార్లు వాడితే అది బట్టీ పట్టినట్టు తెలుస్తుంది. ‘కల్చర్స్ ఇంటర్‌మింగిల్’ అని రాసేసి ఊరుకోవడం కంటే, ఏ ఆచారం ఏ ఇంట్లోకి ఎలా వచ్చిందో ఒక వాక్యం రాస్తే ఎక్కువ లాభం.

వంటల వీడియోలకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు రాసేవాళ్లకు మిక్స్, బ్లెండ్, స్టర్, ఫోల్డ్ చాలు. మిక్సీలో వేస్తే బ్లెండ్ లేదా గ్రైండ్, గరిటెతో అయితే మిక్స్ లేదా స్టర్. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ ముక్కలు ఇంటర్‌మింగిల్ చేయమని రాస్తే చూసేవాళ్లు గరిటె పక్కన పెట్టి నిఘంటువు తెరుస్తారు.

రెజ్యూమెలో, లింక్డ్‌ఇన్‌లో ఈ కుటుంబంలోని ఏ మాటా అక్కర్లేదు, కంపెనీలు విలీనమైన సంగతి రాయాల్సి వస్తే తప్ప.

తెలుగు నుంచి అనువాదం చేసేవాళ్లకు పని కొంచెం ఎక్కువ. మూలంలో ‘కలగలిసి’, ‘కలబోసి’ అని ఉంటే ఇంటర్‌మింగిల్ దగ్గర ఆగి చూడండి. ‘మేళవించి’ అంటే బ్లెండ్. ‘లీనమై’, ‘విలీనమై’ అంటే మెర్జ్, భక్తి సందర్భమైతే మెర్జ్ కూడా పొడిగానే ఉంటుంది, ‘బికేమ్ వన్ విత్’ నయం. ‘కలగూరగంప’ అన్నచోట క్రియ వెతకొద్దు, ‘హాచ్‌పాచ్’ అన్న నామవాచకం ఉంది. ‘కలిసిమెలిసి’ అన్నదాన్ని మాత్రం ఇంటర్‌మింగిల్ చేయకండి. అందులో స్నేహం ఉంది, ఈ ఇంగ్లీషు క్రియలో లేదు. అక్కడ ‘ఇన్ హార్మనీ’ అనో ‘గెట్ ఎలాంగ్’ అనో పెట్టుకోవచ్చు.

కథలు రాసేవాళ్లకు ఒక్కటే సూచన. వాక్యాన్ని మింగిల్‌తో ఒకసారి, ఇంటర్‌మింగిల్‌తో ఒకసారి పైకి చదవండి. అర్థం మారకపోతే పొట్టిది ఉంచండి. రెండు గుంపులూ ఎదురెదురుగా వచ్చి ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయే కదలిక మీకు కావాలంటే పొడుగుది ఉంచండి, దాని వెనక ‘టుగెదర్’ ఉంటే కొట్టేయండి.